రెండో తుఫాను ఎందుకు రాలేదంటే

ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న మా ప్రధానోపాధ్యాయురాలు నాగమణి మేడం గారికి, ఎండనపడి పెనుకొండ నుంచి మోటారుసైకిలు మీద వచ్చిన మండల విద్యాధికారి గారికి, ఇన్నేళ్లూ నాతోపాటు ఒకే కుండ నీళ్లు తాగి ఒకే సుద్దపొడి పీల్చిన ఉపాధ్యాయ మిత్రులకు, విత్తనం పని పక్కన పెట్టి వచ్చిన ఊరి పెద్దలకు, వెనక చాపల మీద కూర్చున్న అమ్మలకు, అక్కలకు, కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతున్న పిల్లలకు అందరికీ నమస్కారాలు. పిల్లలూ, ఆ ఊచలు నాకంటే పాతవి, కాస్త చూసుకోండి.

మెడలో మూడు దండలు పడ్డాయి, భుజాల మీద రెండు శాలువలు. జూన్ ముప్పయ్యో తేదీ మధ్యాహ్నం మూడు గంటలకు, ఈ రేకుల షెడ్డు కింద, మనిషికి ఉన్ని శాలువ కప్పి గౌరవించే ఆచారం ఎవరు కనిపెట్టారో గానీ ఆయన మన జిల్లావాడు మాత్రం అయ్యుండడు. (నవ్వులు) మైకు సరిచేసిన పౌలుకు విడిగా ఒక నమస్కారం చెప్పుకోవాలి. పౌలు ఈ బడి అటెండరు. నాకంటే నాలుగేళ్లు ముందు వచ్చాడు, నాకంటే బాగా తక్కువ మాట్లాడాడు, అందుకే అతని మీద ఈ ఊళ్లో ఎవరికీ ఫిర్యాదు లేదు.

నాకంటే ముందు మాట్లాడినవాళ్లు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. చెప్పకపోతే టిఫిను పెట్టరని వాళ్ల భయం వాళ్లది. (నవ్వులు) చాలావరకు నేను వింటూ కూర్చున్నాను, కాదనలేదు, పొగడ్త ఎవరికి చేదు? అయితే రెండు మాటల దగ్గర మాత్రం కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. తిరుపాల్ సార్ వాతావరణం బోర్డు పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఊరిని మోసం చేయలేదని మేడం గారు అన్నారు. గంగన్న కూతురు శ్రుతి చదువు మానేసి బెంగళూరుకు కూలికి పోతే సార్ సొంతంగా వెళ్లి వెనక్కి తీసుకొచ్చి హాస్టల్లో చేర్పించారని, అది ఆయన దయాగుణమని మా లెక్కల మాస్టారు అన్నారు. ఈ రెండు మాటలూ సరిచేయకుండా దండలతో హిందూపురం రైలెక్కితే నాకు బాగుండదు. కాబట్టి ఇంకో అరగంట ఓర్చుకోండి, టిఫిను ఎక్కడికీ పోదు.

విద్యాధికారి గారు కొత్తగా వచ్చారు, ఆ బోర్డు సంగతి ఆయనకు తెలియకపోవచ్చు. నేను ఈ బడికి సోషల్ మాస్టారుగా వచ్చింది ఎనభై ఏడులో. కాపురం హిందూపురంలో, పని ఇక్కడ. పొద్దున ప్యాసింజరు రైల్లో పెనుకొండలో దిగి, స్టేషన్లో పెట్టుకున్న సైకిలు మీద ఆరు కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చేవాణ్ణి. రైల్లో చేతిలో ట్రాన్సిస్టరు ఉండేది. పేకాట ఆడేవాళ్ల మధ్య కూర్చుని వార్తలు వినడం కష్టమే, అయినా చివర్లో వచ్చే వాతావరణం మాత్రం చెవిలో పెట్టుకుని విని చీటీ మీద రాసుకునేవాణ్ణి. బడి బయటి గోడ బస్సు ఆగేచోటికి ఎదురుగా ఉంది కదా, అక్కడ మంచమంత మేర నల్లరంగు పూయించి, నిన్న ఎంత వాన పడింది, ఈ రోజు ఎంత ఎండ, రేడియో ఏమంది అని రోజూ రాసేవాణ్ణి. చదువు వచ్చినవాళ్లు బస్సు కోసం నిలబడి చదువుకునేవాళ్లు, రానివాళ్లు బడిపిల్లలను అడిగేవాళ్లు. కొన్నాళ్లకు 'బాగుండావా' అని అడగడం మానేసి, "ఏమబ్బా, ఈ పొద్దు బోర్డు ఏమంటాంది?" అని పలకరించుకోవడం మొదలుపెట్టారు. అది చూసి నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది, ఎందుకు దాచాలి.

ఇక తుఫాను సంగతి. మనది సముద్రం మొహం చూడని ఊరు. నేనే సముద్రాన్ని చూసింది ఒక్కసారి, మద్రాసులో, యాభై దాటాక. నీళ్లలో చెయ్యి పెట్టి వేడి చూస్తుంటే పక్కన బజ్జీలు తింటున్న పెద్దమనిషి నన్ను పిచ్చివాడనుకుని పొట్లం తీసుకుని దూరం జరిగాడు. (నవ్వులు) సముద్రంతో మనకు ఉన్న బంధమల్లా ఒక్కటే, ఆశ్వీజం, కార్తీకాల్లో బంగాళాఖాతంలో పుట్టే తుఫాను. కోస్తావాళ్లు అది రావద్దని మొక్కుకుంటారు, మనం రావాలని మొక్కుకుంటాం. ఒకటే రాష్ట్రం, ఒకటే రేడియో, ఒకే వార్తకు అక్కడ గుండె గుభేలుమంటుంది, ఇక్కడ మొహం వెలుగుతుంది. అక్కడ ఇళ్లు పోతాయని తెలిసి కూడా మనం సంతోషిస్తామే, ఇది న్యాయమా అని నేను క్లాసులో అడిగితే, గొర్రెలు కాసే మారెప్ప కొడుకు లేచి, "దేవుడు వాళ్ల గాలి వాళ్లకు, మన వాన మనకు వేరేగా పంపియ్యల్ల సార్" అన్నాడు.

ఇప్పటికి పదకొండేళ్ల కిందట, అక్టోబరు చివరలో, ఒక తుఫాను వచ్చింది. సముద్రంలో మూడు దినాలు కదలక మెదలక ఉండిపోయింది. రేడియోలో రోజూ అదే మాట, నిలకడగా ఉంది, నిలకడగా ఉంది అని. నాలుగో దినం కదిలి తీరం దాటింది. మనకు బుధ, గురువారాల్లో మూడంగుళాల వాన. వానకొలత డబ్బాలోంచి గాజుగొట్టంలోకి నీళ్లు పోసి రెండుసార్లు కొలిచాను, అంత సంతోషం.

మేడం గారిది నెల్లూరు పక్క, వారికోసం శనక్కాయ సంగతి ఒక మాట చెప్పాలి. మన ఎర్రనేలలో శనక్కాయ పీకాలంటే నేలలో పదును ఉండాలి. తడి నేలలో చెట్టు పట్టి లాగితే కాయలన్నీ గుత్తుగా పైకొస్తాయి. నేల బిగిసిపోతే చెట్టు చేతికొస్తుంది, కాయ భూమిలోనే ఉండిపోతుంది. అట్లాగని పీకి చేలో ఆరేసినాక వాన పడితే పశువులు మేసే కట్టె కుళ్లుతుంది, కాయ మొలకెత్తుతుంది. పీకాక వాన రాకూడదు, పీకకముందు రావాలి. రైతు ఏడాది కష్టమంతా ఆ నాలుగైదు దినాల నిర్ణయం మీద ఉంటుంది. ముందు విత్తినవాళ్లు ఆ శుక్రవారమే చేలల్లో దిగారు. అదిగో, ఆ కిటికీ పక్కన తెల్ల తువ్వాలతో కూర్చున్న గంగన్న మాత్రం ఆ ఏడు ఆలస్యంగా విత్తాడు. అతని కాయలో పప్పు ఇంకా గట్టిపడలేదు, పది దినాలు కావాలి. అయినా పదును పోతుందన్న భయంతో ఆదివారం పీకించాలని కూలీలకు చెప్పుకున్నాడు. అప్పుడు అతని కూతురు శ్రుతి మా బడిలో ఏడో తరగతి. ఆ ఇంట్లో అక్షరం వచ్చింది ఆ పిల్ల ఒక్కదానికే.

శనివారం మధ్యాహ్నం వార్తల్లో చెప్పారు, బంగాళాఖాతంలో ఇంకొకటి బలపడుతోందని, అదే దోవలో కదులుతోందని. నేను గడియారం చూసి, బడి వదిలే గంటకు ముందు బయటికి వెళ్లి, బోర్డు మీద నాలుగు వాక్యాలు రాశాను. నాకు ఇప్పటికీ అక్షరం తప్పకుండా గుర్తున్నాయి. 'బంగాళాఖాతంలో మరో తుఫాను బలపడుతోంది. పోయిన తుఫాను దోవలోనే వస్తోంది. మనకు ఇంకా మంచి వాన. కాయ ముదరనివాళ్లు పీకవద్దు, ఆరు దినాలు ఆగండి.' నాలుగింట్లో మొదటి రెండు రేడియోవి. చివరి రెండు నావి.

నేను ఎందుకు రాశానంటే, నాకు అంత నమ్మకం. పోయినసారి ఆ దోవన వచ్చింది మూడంగుళాలు ఇచ్చింది, ఈసారి కూడా అదే దోవ, కాబట్టి అంతే వాన. ఎద్దు నిన్న నడిచిన దోవనే ఇవాళా నడుస్తుందని బండివాడు అనుకున్నట్టు అనుకున్నాను. అనుకుని చేతులు దులుపుకుని రైలుకు వెళ్లిపోయాను. బడి వదిలాక శ్రుతి ఆ బోర్డు చదివి, ఇంటికి పరుగెత్తి, నాయనకు చెప్పింది. గంగన్న కూలీలను వద్దన్నాడు. ఆ సాయంత్రం ఆ బోర్డు చదివినవాళ్లు తక్కువ, చదివినవాళ్లలో ముదరని కాయ ఉన్నవాళ్లు ఇంకా తక్కువ. మరుసటి రోజు ఆదివారం, బస్సులే సరిగ్గా లేవు.

సోమవారం పొద్దున రైల్లో విన్నాను, ఆ రెండోది సముద్రంలోనే బలహీనపడిపోయిందని. తీరం చేరకముందే చెదిరిపోయింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. సైకిలు తొక్కుతున్నంతసేపూ నేను ఆలోచించింది రైతుల గురించి కాదు, బోర్డు గురించి. ప్రార్థన గంట కొట్టకముందే తడిగుడ్డ తీసుకుని గోడ దగ్గరికి వెళ్లాను. పౌలు ఊడుస్తున్నాడు. "నేను తుడుస్తాలే సార్" అన్నాడు. "వద్దులే, నేనే తుడుస్తా" అన్నాను. పౌలూ, నువ్వు తల దించుకోవాల్సిన పని లేదు. నువ్వు చూశావు, ఎవరికీ చెప్పలేదు, నేను చెప్పమనలేదు గనుక.

(శాలువలు తీసి కుర్చీ మీద పెట్టి)

ఇక్కడ నన్ను తొందరపడి క్షమించవద్దు. అంచనా తప్పడం పెద్ద తప్పు కాదు, తుఫాను మద్రాసు వాతావరణ ఆఫీసువాళ్లకే చెప్పి రాదు, నాకు చెప్పి వస్తుందా? ఆ సోమవారం నేలలో పదును ఇంకా ఉంది. మంగళ, బుధ వారాలు కూడా ఉంది. వాన రావడం లేదు, వెంటనే పీకండి అని ఒక్క వాక్యం రాసి ఉంటే గంగన్న చేను చేతికొచ్చేది. పప్పు కొంచెం పలచగా ఉండేది, అంతే. రాస్తే, శనివారం రాసింది తప్పని నేను ఒప్పుకున్నట్టు అవుతుంది. అందుకని తుడిచి, తేదీ వేసి, ఎండ ముప్పై ఒక్క డిగ్రీలు అని రాసి లోపలికి వచ్చేశాను. సోమవారం శ్రుతి బోర్డు చూసింది. అందులో తుఫాను పోయిందని లేదు గనుక ఇంకా వస్తోందనుకుంది. పిల్ల లెక్క సరైనదే.

గంగన్న ఆరు దినాలూ ఆగాడు. ఏడో దినం చేలో చెట్టు లాగితే వేళ్లు తెగి వచ్చాయి. అప్పుడు కూతురిని వెంటబెట్టుకుని బడికి వచ్చాడు. స్టాఫ్ రూము గడప బయట నిలబడి, తువ్వాల చంకన పెట్టుకుని, ఎంతో మర్యాదగా అడిగాడు. "సార్, కాయ పీకొద్దని మీరు బోర్డు మీద రాసినారని మా పాప చెప్పింది. నిజమేనా సార్?" లోపల ఐదుగురు టీచర్లు ఉన్నారు, అందరూ నా వైపు చూశారు. నేనన్నాను, "రేడియోలో చెప్పింది రాశానప్పా గంగన్నా. కాయ పీకొద్దని రేడియోవాడు ఎందుకు చెప్తాడు?" ఈ రెండు మాటలూ విడివిడిగా చూస్తే నిజాలే. కలిపి చెబితే అబద్ధం. చదువుకున్నవాడు అబద్ధం చెప్పే పద్ధతి అది.

శ్రుతి, "లేదు నాయనా, రాసుండింది, నేను చదివినా" అంది. గంగన్న ఆ పిల్లను కొట్టలేదు, తిట్టలేదు. నెత్తిన చెయ్యి పెట్టి, "పోనీలేమ్మా, చిన్నదానివి. సరిగ్గా చదివుండవు" అన్నాడు. కొట్టి ఉంటే పిల్ల మర్చిపోయేదేమో.

ఆ తర్వాత గంగన్నా, అతని భార్య ఉలిగమ్మా, శ్రుతీ నెల రోజులు గడ్డపారతో, కొడవలితో ఆ బిగిసిన నేల తవ్వి కాయలు ఏరుకున్నారు. బస్సులో పోయేవాళ్లు చూసి, "అందరూ పీకినప్పుడు ఈయప్ప మొబ్బు దిగి కూర్చున్యాడు" అని సోమరిని చేసి నవ్వారు. ఏరినది విత్తనానికి కూడా చాలలేదు. సంక్రాంతి లోపలే ఇంటికి తాళం పెట్టి ముగ్గురూ బెంగళూరుకు ఇళ్లు కట్టే పనికి వెళ్లారు. మరుసటి జూన్‌లో నేను బెంగళూరు వెళ్లి, రెండు దినాలు తిరిగి, ఇసుక జల్లెడ పడుతున్న ఆ పిల్లను వెతికి పట్టుకున్న మాట నిజం. వాళ్ల అమ్మను ఒప్పించి పెనుకొండ హాస్టల్లో చేర్పించిన మాట కూడా నిజం. లెక్కల మాస్టారు దాన్ని దయ అన్నారు. పక్కవాడి గడ్డివాముకు నిప్పంటించి నీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చిన వాణ్ణి మనం దయామయుడు అంటామా మాస్టారూ? ఆనాడు ఉలిగమ్మ నా కాళ్లకు దండం పెట్టింది. పెట్టించుకున్నాను. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

(నీళ్లు తాగి)

ఆ రెండో తుఫాను ఎందుకు రాలేదో నాకు నాలుగేళ్ల తర్వాత తెలిసింది. తొంభై తొమ్మిదిలో అనంతపురంలో సోషల్ టీచర్లకు వారం రోజుల శిక్షణ పెట్టారు. భోజనాలయ్యాక, అందరూ కునుకు తీసే వేళ, విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక సముద్ర శాస్త్రవేత్త, వయసులో చిన్నావిడ, గోడ మీద ఒక పటం వేసి చూపించింది. చైనా, జపాను పక్క తుఫాను అది, వాళ్లు టైఫూన్ అంటారు, మనం తుఫాను అంటాం, మనిషి ఒకడే, పేర్లు రెండు. ఉపగ్రహం కొలిచిన సముద్రపు పైనీళ్ల వేడి అట ఆ పటంలో. వేడిగా ఉన్నచోట ఎరుపు. తుఫాను రాకముందు పటమంతా ఎరుపు. తుఫాను వెళ్లిపోయాక, అది నడిచిన దోవ పొడుగునా, కొంచెం కుడిపక్కకు ఒరిగి, నీలం రంగు చార. అక్కడ నీళ్లు చల్లబడిపోయాయి. ఒక్కోసారి రెండు మూడు డిగ్రీలు, పెద్ద టైఫూన్ అయితే ఐదారు డిగ్రీలు కూడా పడిపోతుందట.

ఎట్లా చల్లబడుతుందంటే, ఇది మన పిల్లలందరికీ తెలుసు, ఏటా చేయిస్తున్నాను గనుక. బడి ముందర గచ్చుతొట్టి ఉంది కదా, మే నెల మధ్యాహ్నం అందులో చెయ్యి పెడితే పైన నీళ్లు కాగినట్టు ఉంటాయి, మోచేతి లోతుకు పోతే చల్లగా తగులుతాయి. సముద్రం కూడా అంతే, ఎండ కాచిన వేడినీళ్లు పైన పలచగా, కింద అంతా చల్లటి నీళ్లు. తుఫాను గాలి ఆ నీళ్లను కర్ర పెట్టి కలియబెట్టినట్టు కలియబెడుతుంది. కింది చల్లనీళ్లు పైకి, పైన వేడి కిందికి. పైగా తుఫాను బతికేదే ఆ పైనీళ్ల వేడి మీద. ఆ నీళ్లు ఆవిరై పైకి లేస్తేనే దానికి బలం. అంటే తాను తినే కుండను తానే కలిపి చల్లార్చుకుంటుంది. గబగబా నడిచిపోయే తుఫాను తక్కువ చల్లారుస్తుంది, ఒకచోట నిలబడి తిరిగేది ఎక్కువ చల్లారుస్తుంది. మన మొదటిది మూడు దినాలు నిలబడిందని చెప్పాను కదా. మూడంగుళాల వాన ఇచ్చిందని మనం పండగ చేసుకున్నాం, అదే సమయంలో వెనక రాబోయేదాని దోవంతా చల్లబరిచి పోయింది.

నేను లేచి అడిగాను. "మేడం, ఆ నీలం చార మీదికి వారం లోపల ఇంకో తుఫాను వస్తే?" ఆవిడ అంది, "చాలావరకు నీరసించిపోతుందండీ. ఇంకా వేరే కారణాలు కూడా ఉంటాయి, పైగాలులు ఉంటాయి, ఇదొక్కటే అని చెప్పలేం." నేనూ ఇదొక్కటే అని ప్రమాణం చేయను. అయితే నేను ఏ మాట పట్టుకుని ఊరికి వాన వాగ్దానం చేశానో, అదే దోవ, అదే దోవ అని, ఆ మాటే వాన రాదనడానికి గుర్తు. నాకు అది చదవడం రాలేదు. సరిగ్గా చదివింది ఏడో తరగతి పిల్ల, చదవడం రానిది దాని మాస్టారికి.

నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం బస్సులో నాకు ఒక గంట సేపు హాయిగా ఉంది. హమ్మయ్య, తప్పు సముద్రానిది అనుకున్నాను. ధర్మవరం దాటేసరికి ఆ హాయి పోయింది. బోర్డు తుడిచింది సముద్రం కాదు.

ఆ మరుసటి వారం మారెప్ప గొర్రెలు తోలుకుని బడి పక్కనుంచి పోతుంటే ఆపి ఈ సంగతంతా చెప్పాను. ఏం మారెప్పా, గుర్తుందా? మారెప్ప అంతా విని, "అంతేనా సార్, ముందు మంద మేసిపోయిన దోవన వెనక మందను తోలితే ఏముంటాది, మన్ను ఉంటాది. దీనికి విశాపట్నం దాకా పోవల్లా?" అన్నాడు. (నవ్వులు) నవ్వి ఊరుకోకుండా ఇంకొకటి కూడా అడిగాడు. "మరి సముద్రంలో మళ్లా ఎన్నాళ్లకు గడ్డి మొలుస్తాది సార్?" పది పదిహేను దినాలకు ఎండ కాచి పైనీళ్లు మళ్లీ వేడెక్కుతాయని చెప్పాను. "పర్వాలేదే, బిరీన కోలుకుంటాది" అని గొర్రెల వెంట వెళ్లిపోయాడు.

సముద్రం కోలుకుంది. నేనూ కోలుకున్నాననే అనుకున్నాను. శ్రుతి పది పాసైంది, ఇంటరు పాసైంది, ధర్మవరంలో ఒక మందుల షాపులో పనికి కుదిరింది. ఇక చెప్పుకోవాల్సింది ఏముంది, పిల్ల బాగుంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. రెండు నెలల కిందట ధర్మవరం వెళ్లినప్పుడు బీపీ మాత్రల కోసం ఆ షాపుకే వెళ్లాను. శ్రుతి నన్ను చూసి సంతోషపడి చీటీ తీసుకుంది. టైపు కొట్టిన చీటీ, అందులో ఒకటే మందు. సరైన మాత్రలే తీసింది. తీసి, చీటీని, మాత్రలను పట్టుకుని పక్కనున్న అబ్బాయి దగ్గరికి వెళ్లి, "అన్నా, చూడు, నేను సరిగ్గా చదివినానా" అని అడిగింది. అతను అవునన్నాక నాకు ఇచ్చింది. షాపు యజమాని గల్లా దగ్గర నుంచి, "మా శ్రుతి ప్రతి చీటీ ఇంకొకరికి చూపించందే ఇవ్వదు సార్, అంత జాగ్రత్త" అని మెచ్చుకున్నాడు. మందుల షాపులో అది మంచి అలవాటే. అయితే ఆ పిల్ల బస్సు బోర్డు కూడా అట్లాగే పక్కవాళ్లను అడిగి ఎక్కుతుందని ఉలిగమ్మ చెప్పింది.

బయటికి వచ్చేటప్పుడు అడిగాను, ఎందుకమ్మా అంత అనుమానం అని. నవ్వి చెప్పింది. "చిన్నప్పటి నుంచి నాకు అంతే సార్. ఒకసారి మీ బోర్డు మీద లేనిది నాకు కనబడింది కదా. ఆ పొద్దు మా నాయన శానా నష్టపోయినాడు. నా కండ్లను నేను నమ్మను." ఎవరి మీదా కోపం లేకుండా చెప్పింది. జ్వరం వస్తే దగ్గు కూడా వచ్చిందని చెప్పినట్టు చెప్పింది. నేను మాత్రలు జేబులో వేసుకుని రైల్వే స్టేషన్ దాకా నడిచాను. ఇన్నేళ్లూ ఆ పిల్ల నేను అబద్ధం చెప్పానని అనుకుంటూ ఉంటుందనీ, నన్ను లోపల తిట్టుకుంటూ ఉంటుందనీ అనుకున్నాను. అట్లా తిట్టుకుని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. ఆ పిల్ల నా మాట నమ్మి తన కళ్లను అనుమానించింది. మాస్టారు మాట మీద అంత నమ్మకం.

ఏమమ్మా ఉలిగమ్మా? గట్టిగా చెప్పు. 'అయిపోయిన మాట ఇప్పుడెందుకు సార్' అంటున్నావా? నీకు అయిపోయింది తల్లీ. నువ్వు తవ్విన చేను నువ్వు మర్చిపోగలవు. నీ కూతురికి అయిపోలేదు, నిన్న కూడా ఎవరికో చీటీ చూపించే ఉంటుంది.

అమ్మా శ్రుతీ, సెలవు పెట్టుకుని వచ్చావు, నాకోసం స్వీటు పొట్లం కూడా తెచ్చావు. లేవద్దు, కూర్చునే విను. ఆ శనివారం బోర్డు మీద నువ్వు చదివింది ఉంది. నాలుగు వాక్యాలూ ఉన్నాయి. నా చేత్తో నేనే రాశాను. నా చేత్తో నేనే తుడిచాను. నువ్వు సరిగ్గా చదివావు. మీ నాయన అడిగిన రోజు నీ మాటే నిజం, నా మాట కాదు. గంగన్నా, నీ కూతురు తప్పు చదవలేదు. నువ్వు మొబ్బు దిగి కూర్చోలేదు. నేను చెప్పినందుకు ఆగావు. ఇది మీ ఇంటికి వచ్చి చెప్పవచ్చు, రెండు నెలల నుంచి రోజూ అనుకున్నాను. అయితే ఆ పిల్లను నేను అబద్ధాలకోరును చేసింది నలుగురి ముందు. ఇంట్లో గుట్టుగా చెబితే సరిపోదు. మేడం గారూ, మీ అధ్యక్షోపన్యాసాన్ని ఇట్లా కాదన్నందుకు నన్ను మన్నించాలి.

(మెడలో దండలు తీసి బల్ల మీద పెట్టి)

క్షమించమని నేను అడగడం లేదు. వీడ్కోలు రోజు అడిగితే ఎవరూ కాదనలేరు, అది కూడా ఒక రకం బలవంతమే. అడగకుండా నేను చేయగలిగింది ఒకటి చేశాను. ఈ పొద్దున రోజూకంటే ముందు రైలుకు వచ్చి, బయటి గోడ బోర్డు కడిగి, పైన ఆ శనివారం తేదీ వేసి, ఆ నాలుగు వాక్యాలూ మళ్లీ రాశాను. కింద ఆ సోమవారం తేదీ వేసి, ఆనాడు రాయాల్సింది రాశాను. అడుగున సంతకం పెట్టాను. పంతొమ్మిదేళ్లలో ఆ బోర్డు మీద నా సంతకం పడటం ఇదే మొదటిసారి, చివరిసారి కూడా. పైన గోనెపట్ట కప్పి ఉంచమని పౌలుకు చెప్పాను. పౌలూ, ఇప్పుడు వెళ్లి అది తీసేయ్.

ఈ బడి నాకు అన్నం పెట్టింది, ఈ ఊరు నన్ను నమ్మింది. నమ్మిన మీకు, ఈ సభ ఏర్పాటు చేసిన మేడం గారికి, తోటి టీచర్లకు, నా సైకిలు పంక్చర్లు వేసి ఇచ్చిన పిల్లలకు, ఇంతసేపు కదలకుండా విన్న మీ అందరికీ నా కృతజ్ఞతలు. రేపటి నుంచి బోర్డు ఎవరు రాసినా నాకు చెప్పేది ఒకటే ఉంది, రాసింది తప్పని తెలిస్తే తుడవద్దు, కింద ఇంకో వాక్యం రాయండి. ఇక టిఫినుకు లేవబోయే ముందు ఒక పని ఉంది. శ్రుతీ, మీ నాయన చెయ్యి పట్టుకుని ఆ బోర్డు దగ్గరికి తీసుకెళ్లమ్మా. పైనుంచి కింది దాకా, రోడ్డు మీదికి వినబడేలాగా చదువు. మేమంతా వెనక నిలబడి వింటాం. చదివాక పక్కన ఎవరినీ అడగవద్దు.

నాకిక సెలవు.